నేలను రాసుకుపోయే కారుకి ఇంట్లో ఆయిల్ మార్చాలంటే: ఏ జాకీ, ఏ ర్యాంపు, ఏ నేల

ఆయిల్ మార్చడం పెద్ద విద్య కాదు. కింద బోల్టు విప్పాలి, పాత ఆయిల్ దించాలి, ఫిల్టర్ మార్చాలి, కొత్త ఆయిల్ పోయాలి. మామూలు కారుకైతే గోనెపట్టా పరుచుకుని పక్కనుంచి చెయ్యి దూరిస్తే పనైపోతుంది. చిక్కంతా స్పోర్ట్స్ కారు దగ్గరే. బంపరు కింద అరచెయ్యి నిలువుగా పెడితే పట్టదు. ఇంట్లో ఉన్న ట్రాలీ జాకీ (చక్రాల మీద తోసుకెళ్ళేది) కిందకి పోదు. పోనీ ర్యాంపు ఎక్కిద్దామంటే, చక్రం కంటే ముందు బంపరే వెళ్ళి ర్యాంపుకి తగులుతుంది.

ఇదివరకు ఇలాంటి కార్లు చూడాలంటే హైదరాబాదు వెళ్ళాలి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి కాబట్టి భీమవరంలో, అమలాపురంలో, రాజోలు వైపు లంక ఊళ్ళలో కూడా షెడ్లలో కనిపిస్తున్నాయి. ఆడి టీటీలు, బీఎండబ్ల్యూ జెడ్4లు, ఫోర్డ్ మస్టాంగులు, స్ప్రింగులు కోయించి కిందకి దించిన హోండా సివిక్‌లు. కంపెనీ సర్వీస్ సెంటర్ ఉన్న ఊరు దూరం. అక్కడి బిల్లు ఇంకా దూరం. అందుకని ఆయిల్ వరకూ ఇంట్లోనే మార్చుకుందాం అనుకునేవాళ్ళు పెరిగారు. మంచిదే. కానీ ఎత్తడానికి సరైన సామాను లేక ఇటుకలు పేర్చినవాళ్ళని చూశాను, కొబ్బరి మొద్దు పెట్టినవాళ్ళని చూశాను, ఒకచోట రుబ్బురోలు బోర్లించి దానిమీద కారు ఆనించి కింద పడుకున్న కుర్రాణ్ణి చూశాను. ఆ రోజు వణుకు ఇప్పటికీ పోలేదు. ఆ కుర్రాణ్ణి బయటికి రమ్మని చెప్పి, కారు దింపేదాకా అక్కడినుంచి కదల్లేదు.

నా దగ్గరున్నది ఆడి టీటీ. పాలకొల్లు దగ్గర ఊళ్ళో ఇల్లు. ఆరేళ్ళుగా ఆయిల్ నేనే మారుస్తున్నాను. ఈ ఆరేళ్ళలో కొన్ని పద్ధతులు వాడాను, కొన్ని మానేశాను. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో తెలిసినంతవరకూ చెబుతాను.

అసలు ఎత్తాలా?

ముందు ఈ ప్రశ్న వేసుకోండి. కారు ఎత్తకపోతే కారు మీద పడదు. ఇంతకంటే భద్రమైన పద్ధతి ఇంకొకటి లేదు.

ఆయిల్ సక్షన్ పంపు అని ఒకటి దొరుకుతుంది. ఆయిల్ గేజీ (మట్టం చూసే కడ్డీ) ఉండే గొట్టంలోకి సన్నటి ట్యూబు దింపి, పంపుతో గాలి లాగితే చాంబర్‌లోని ఆయిల్, అంటే ఇంజను అడుగున నిలిచి ఉండే ఆయిల్, పైకి వచ్చి డబ్బాలో పడుతుంది. ఇది కుదరాలంటే రెండు ఉండాలి. ఒకటి, ఇంజనుకి గేజీ గొట్టం ఉండాలి. రెండు, ఫిల్టర్ పైనుంచి చేతికి అందాలి. నా టీటీలో ఉన్న రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనులో రెండూ ఉన్నాయి. ఇదే కుటుంబం ఇంజను కొన్ని ఆక్టేవియాల్లో కూడా ఉంటుంది. బానెట్ ఎత్తితే ఫిల్టర్ ఎదురుగానే కనిపిస్తుంది.

కానీ అన్నిటికీ ఇది కుదరదు. 2009లో వచ్చిన తరం జెడ్4లో టర్బో ఇంజనులకి గేజీయే లేదు, ఆయిల్ మట్టం స్క్రీన్ మీద చూసుకోవాలి. ట్యూబు దింపడానికి దారే లేదు. మస్టాంగ్ 5 లీటర్ల ఇంజనుకి ఫిల్టర్ కిందివైపు ఉంటుంది. పాత పోర్షే బాక్స్‌టర్, కేమన్‌లలోనూ అంతే. పైనుంచి ఆయిల్ లాగినా, ఫిల్టర్ కోసం ఎలాగూ కిందకి వెళ్ళాలి. మీ కారు ఏ జాతిదో బానెట్ ఎత్తి చూసుకోండి, మాన్యువల్ తిరగేయండి. ఆ తర్వాతే డబ్బు ఖర్చు పెట్టండి.

సక్షన్‌కి ఒక లోటుంది. చాంబర్ అడుగున కొంచెం పాత ఆయిల్ మిగిలిపోవచ్చు. బయటికి వచ్చిన ఆయిల్‌ని కొలిచి, మాన్యువల్‌లో రాసిన లీటర్లతో పోల్చుకుంటే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఇంకొకటి, కింద బోల్టు విప్పినప్పుడు దానికి ఇనుపరజను అంటుకుందా, చాంబర్ దగ్గర ఎక్కడైనా కారుతోందా అన్నది కళ్ళతో చూస్తాం. పైనుంచి లాగితే ఆ చూపు ఉండదు. అందుకే నేను రెండుసార్లు సక్షన్‌తో మారిస్తే మూడోసారి కారు ఎత్తి కిందనుంచి దించుతాను. సక్షన్ కుదిరే కారున్నవాళ్ళకి నా సలహా ఇదే: మొదట పంపు కొనండి. జాకీ సంగతి తర్వాత చూద్దాం.

చప్టా కింద ఏముంది?

ఎత్తక తప్పదు అనుకుంటే, జాకీ గురించి ఆలోచించేముందు నేల గురించి ఆలోచించాలి. ఇది మన డెల్టావాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. కారు ఎత్తడం గురించి ఎక్కడ చదివినా, చూసినా "గట్టి, చదునైన నేల మీద పెట్టండి" అని ఒక్క వాక్యంతో వదిలేస్తారు. మన దగ్గర ఆ ఒక్క వాక్యంలోనే సగం పని ఉంది.

భీమవరం, ఉండి వైపు నల్లరేగడి. ఎండాకాలం కాలువలు కట్టేశాక చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది, ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలి వానలు పడ్డాక ఉబ్బుతుంది. ఏటా ఇలా లేచీ కుంగీ దానిమీద వేసిన సిమెంటు చప్టాకి అడుగున ఖాళీ వస్తుంది. లంక ఊళ్ళలో ఒండ్రు. అంతర్వేది, నరసాపురం తీరానికి పోతే ఇసుక. వీటన్నిటికీ తోడు పందికొక్కులు. ధాన్యం, కొబ్బరికాయలు నిల్వ ఉండే ఇంటి చుట్టూ అవి కన్నాలు పెట్టకుండా ఉండవు. పైన చప్టా అద్దంలా కనిపిస్తుంది, కింద సొరంగం ఉంటుంది.

నాకు ఎదురైంది అదే. మూడేళ్ళ కిందట, శ్రావణమాసంలో. జాకీతో ఎత్తి, ముందువైపు రెండు స్టాండ్ల (ఎత్తిన కారుని మోసే ఇనుప కాళ్ళు) మీద కారు నిలబెట్టాను. కిందకి దూరబోయే ముందు అలవాటుగా కారుని పక్కనుంచి రెండు చేతులతో నెట్టాను. ఎడమ స్టాండు కాలు దగ్గర చిన్న చప్పుడు. చప్టా పెంకులా విరిగి స్టాండు ఒక కాలు రెండంగుళాలు దిగబడింది. జాకీ ఇంకా తీయలేదు కాబట్టి కారు దానిమీద ఆగింది. తర్వాత ఆ చోట తవ్విస్తే పందికొక్కు కన్నం, లోపల చెయ్యంత ఖాళీ. నెట్టి చూడకుండా దూరి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

అప్పటినుంచి ఇలా చేస్తున్నాను. కారు నిలిపే చోటంతా సుత్తి పిడితో కొట్టి వింటాను. గట్టి చోట "టక్కు" మంటుంది, డొల్ల ఉన్నచోట కుండ మోగినట్టు మోగుతుంది. తేడా ఎవరికైనా తెలుస్తుంది. డొల్ల అనిపించిన చోట స్టాండు పెట్టను. గట్టి చోట కూడా స్టాండు కాళ్ళ కింద అడుగున్నర చదరం మందపాటి పలక పరుస్తాను. స్టాండు నాలుగు కాళ్ళ బరువూ నాలుగు చిన్న ముక్కల మీద పడుతుంది. పలక ఉంటే అది విశాలంగా పరుచుకుంటుంది. వెల్డింగ్ షాపులో పది, పన్నెండు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు ముక్కలు కోయించుకుంటే మేలు. లేదా ముప్పాతిక అంగుళం మెరైన్ ప్లైవుడ్ రెండు వరసలు. మామూలు ప్లైవుడ్ మన చెమ్మకి పొరలు పొరలుగా విడిపోతుంది.

ఇంకోటి వాటం. వాన నీళ్ళు నిలవకుండా తాపీమేస్త్రి చప్టాకి వాటం పెట్టే కడతాడు. మన వర్షాలకి అది ఉండాల్సిందే. కానీ ఆ వాటం మీద కారు ఎత్తితే అది పల్లం వైపు లాగుతుంది. రసమట్టం తెచ్చి పెట్టి చూడండి. బుడగ గీత దాటి పక్కకి పోతుంటే అక్కడ వద్దు. మా ఇంట్లో వసారా పక్కన వడ్లు ఎండబెట్టే కళ్ళం చప్టా ఒక మూల మాత్రమే నిక్కంగా చదునుగా ఉంది, ఆ మూలనే వాడతాను. మట్టి నేల, గ్రావెల్, పేవర్ ఇటుకల వరండా ఇవేవీ స్టాండ్లకి పనికిరావు. నాపరాళ్ళు పరిచిన నేల కూడా నమ్మదగ్గది కాదు. ఏ రాయి కింద ఇసుక జారిపోయిందో పైకి తెలియదు.

నేల బాగా లేదని తేలితే బాధపడకండి. స్టాండ్ల బదులు ర్యాంపులకో, బయట లిఫ్టుకో వెళ్ళాలని అర్థం, అంతే.

ట్రాలీ జాకీ, స్టాండ్లు

నేల గట్టిగా ఉండి, సక్షన్ కుదరని కారున్నవాళ్ళలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే జత. కానీ ఏది పడితే అది కాదు.

మామూలు రెండు టన్నుల ట్రాలీ జాకీ పూర్తిగా దించినా పదమూడు పద్నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నా కారు కింద అది పోదు. లో ప్రొఫైల్ అని విడిగా దొరుకుతాయి, వాటి కనీస ఎత్తు ఏడున్నర నుంచి తొమ్మిది సెంటీమీటర్లు. కొనేటప్పుడు పెట్టె మీద టన్నులు కాదు, ముందు ఈ కనీస ఎత్తు చదవండి. తర్వాత జాకీ ఎంత పైకి లేస్తుందో చూడండి. తక్కువ ఎత్తునుంచి మొదలయ్యే జాకీలు కొన్ని పైకి కూడా తక్కువే లేస్తాయి. మూడు టన్నుల స్టాండు తన కింది మెట్టులోనే అడుగు ఎత్తుకి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. జాకీ కారుని అంత ఎత్తుకి తీసుకువెళ్ళలేకపోతే స్టాండు కిందకి దూరదు. ఈ లెక్క చూసుకోకుండా కొని తిరిగి ఇచ్చేసినవాళ్ళు నాకు తెలుసు.

మూడో కొలత, జాకీ పొడవు. బంపరు ముందు నుంచి సబ్‌ఫ్రేమ్ (ముందు చక్రాల మధ్య కింద ఉండే గట్టి చట్రం) దాకా వెళ్ళాలంటే పొడుగు జాకీ కావాలి. పొట్టిదైతే బంపరు కింద ఇరుక్కుని, పంపు కర్ర కొట్టడానికి చోటు ఉండదు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. కలప అడితికి వెళ్ళి రెండంగుళాల మందం, అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు తుమ్మ చెక్కలు రెండు కోయించుకోండి. ముందు చక్రాలని మెల్లగా వాటి మీదకి ఎక్కించండి. కారు ముక్కు రెండంగుళాలు లేస్తుంది, జాకీ హాయిగా దూరుతుంది. ఈ రెండు చెక్కలే నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడ్డ సామాను. తుమ్మ ఎందుకంటే గట్టిది, బరువుకి నలగదు. కొబ్బరి చెక్క వద్దు. దాని బయటి భాగం గట్టిగా ఉన్నా లోపల మెత్తన, చెమ్మ తగిలితే పీచులా విడిపోతుంది. చెక్కల్ని ఏటా ఒకసారి చెదలు పట్టాయేమో చూడండి, గోరుతో గుచ్చితే దిగితే పారేయండి.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. కారు తలుపుల కింద, చక్రాల పక్కన, అంచు రేకు మీద జాకీ పెట్టే చోట్లు నాలుగు ఉంటాయి. జాకీ అక్కడే పెట్టాలి, స్టాండూ అక్కడే పెట్టాలి. ఒకే చోటికి రెండు ఎలా వస్తాయి? కొత్తవాళ్ళు అందరూ ఇక్కడే ఆగుతారు. ఆగి, స్టాండుని తోచినచోట పెడతారు. ఆ తోచినచోటే ప్రమాదం.

దారులు రెండు. మాన్యువల్‌లో ముందు సబ్‌ఫ్రేమ్ మధ్యలో ఎత్తొచ్చు అని ఉంటే జాకీ అక్కడ పెట్టి, రెండువైపులా అంచు పాయింట్ల కింద స్టాండ్లు పెట్టుకోవచ్చు. లేదంటే పొట్టిగా, బాడీ గట్టిగా ఉండే కార్లలో ఒక మూల ఎత్తితే అదే వైపు రెండో చక్రం కూడా కొంత లేస్తుంది. వెనక పాయింటు దగ్గర జాకీతో ఎత్తి, ఖాళీగా ఉన్న ముందు పాయింటు కింద స్టాండు పెట్టొచ్చు. ఈ పద్ధతిలో ఒకేసారి పైకి లేపకూడదు. ఒక వైపు స్టాండు కింది మెట్టులో పెట్టి, రెండో వైపుకి వెళ్ళి, మళ్ళీ ఇటు వచ్చి ఇంకో మెట్టు. కారు ఒకవైపుకి బాగా ఒరిగితే రెండోవైపు స్టాండు కాలు లేస్తుంది. ఓపిక కావాలి.

జాకీని ఆయిల్ చాంబర్ కింద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఈ కార్లలో చాలావాటికి చాంబర్ అల్యూమినియంది, పగులుతుంది. ఆయిల్ మార్చబోయి చాంబర్ మార్చాల్సి వస్తుంది. అంచు రేకు మీద నేరుగా ఇనుప జాకీ మూతి పెట్టినా రేకు వంగుతుంది, పెయింటు లేస్తుంది. మన ఉప్పుగాలికి పెయింటు లేచిన చోట తుప్పు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. మధ్యలో గాడి ఉన్న రబ్బరు ముద్ద దొరుకుతుంది, అది తప్పకుండా కొనండి. జెడ్4 వంటి బీఎండబ్ల్యూల్లో చతురస్రం ప్లాస్టిక్ ముద్దలు కంపెనీయే బిగించి ఇస్తుంది. పాత కార్లలో అవి ఊడిపోయి ఉంటాయి, ఎత్తేముందు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి.

స్టాండ్లలో రెండు రకాలు. పళ్ళు ఉండి మీట వేస్తే లాకయ్యేవి ఒకటి, రంధ్రంలోంచి లావు పిన్ను దూర్చేవి రెండోది. పళ్ళ రకం వాడడం తేలిక. కానీ పళ్ళు పూర్తిగా కరవకపోతే బరువు మీద జారొచ్చు. 2020లో అమెరికాలో సరిగ్గా ఈ లోపం వల్లే లక్షల సంఖ్యలో ఇలాంటి స్టాండ్లని వెనక్కి పిలిపించారు. నేను పిన్ను రకమే వాడతాను. పిన్ను అటువైపునుంచి ఇటువైపుకి వచ్చిందో లేదో కంటికి కనిపిస్తుంది, అనుమానానికి చోటు లేదు. రాసి ఉన్న టన్నులు ఒక్కో స్టాండువా, జతవా అన్నది కూడా చదవండి. నా కారు బరువు 1,400 కిలోలకి అటూ ఇటూ, మస్టాంగ్ అంతకంటే బాగా బరువు. ఏదైనా సరే మూడు టన్నుల స్టాండ్లకి తక్కువ కొనకండి. పాతవైతే వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు గీకి చూడండి. తీరం దగ్గర షెడ్డులో రెండేళ్ళు పడి ఉన్న స్టాండుని కళ్ళు మూసుకుని నమ్మకూడదు.

జాకీ కూడా అంతే. లోపలి సీళ్ళు అరిగితే మెల్లగా దిగిపోతుంది. కారు ఒక మూల ఎత్తి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, అరగంట తర్వాత చూడండి. గుర్తు దిగితే ఆ జాకీ పని అయిపోయింది.

పైకి లేచేటప్పుడు జాకీ మూతి నిటారుగా లేవదు, వంపుగా లేస్తుంది. ఆ వంపుకి తగ్గట్టు జాకీ చక్రాలు నేల మీద కదలాలి. చప్టా మీద ఇసుక, ధాన్యపు గింజ, పలకల మధ్య సందు ఏదున్నా జాకీ ఆగిపోయి కారుని పక్కకి లాగుతుంది. ఎత్తేముందు నేల చీపురుతో ఊడ్చండి. ఇది చాదస్తం అనుకోవద్దు.

హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో వెనక చక్రాలకే పడుతుంది. ముందు ఎత్తితే వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి. వెనక ఎత్తితే హ్యాండ్ బ్రేకుకి పట్టు ఉండదు కాబట్టి ముందు చక్రాలకి అడ్డుచెక్కలు ఇంకా గట్టిగా ఉండాలి. లారీ క్లీనర్లు పెట్టే గుండ్రాళ్ళు వద్దు, చక్రం వాటిని దొర్లించుకుంటూ పోతుంది.

స్టాండ్ల మీద కారు కూర్చున్నాక పక్కనుంచి గట్టిగా నెట్టి చూడండి. కదిలితే దింపి మళ్ళీ మొదటినుంచి. కదలకపోతే జాకీని తీసేయకుండా సబ్‌ఫ్రేమ్‌కి ఆనీ ఆననట్టు ఉంచండి. స్టెప్నీ టైరుంటే తలుపు కింద అడ్డంగా పడుకోబెట్టండి. ఇంట్లో ఇంకొకళ్ళు లేకుండా కింద దూరకండి, పిల్లల్ని ఆ వైపు రానివ్వకండి.

ర్యాంపులు

ర్యాంపుల్లో నాకు నచ్చేది, బరువు కారు రేకు మీద కాకుండా ఎప్పటిలాగే టైరు మీదే ఉండడం. జాకీ పాయింట్ల గొడవ లేదు. ర్యాంపు అడుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి నేల మీద బరువు కూడా పరుచుకుంటుంది. చప్టా మీద నమ్మకం తక్కువ ఉన్నవాళ్ళకి స్టాండ్ల కంటే ఇదే మేలు. డొల్ల చోటు మీద మాత్రం ఇదీ వద్దు.

మామూలు ర్యాంపులు నిటారుగా ఉంటాయి. స్పోర్ట్స్ కారుకి వాలు ఎంత ఉండాలో మీరే లెక్క వేసుకోవచ్చు. బంపరు కింది అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఆ అంచు నుంచి వెనక్కి, టైరు నేలని తాకే చోటు దాకా ఎంత దూరమో కొలవండి. ఉదాహరణకి ఎత్తు 13 సెంటీమీటర్లు, దూరం 70 సెంటీమీటర్లు అనుకుందాం. కారు 15 సెంటీమీటర్లు లేవాలంటే 15ని 70తో గుణించి 13తో భాగించండి. 81 సెంటీమీటర్లు వస్తుంది. అంటే వాలు భాగం కనీసం అంత పొడవు ఉండాలి. కారు కదిలేటప్పుడు ముక్కు ఊగుతుంది కాబట్టి ఇంకో పావు వంతు కలిపి మీటరు పొడవు పెట్టుకోండి. బజారులో దొరికే ర్యాంపు పొట్టిగా ఉంటే దాని ముందు చెక్క మెట్టు వేసి వాలు తగ్గించొచ్చు. ఆ చెక్క ర్యాంపుకి బిగించి ఉండాలి, ఊరికే ఆనించి పెడితే చక్రం తగలగానే జారిపోతుంది.

వెల్డింగ్ షాపులో చేయించుకుందాం అని చాలామందికి అనిపిస్తుంది. చెక్కర్ ప్లేటు వేసి, కింద ఇనుప యాంగిళ్ళతో అడ్డకట్టు కట్టించి చేయిస్తే బాగానే ఉంటుంది. రెండు విషయాలు పట్టుబట్టి చేయించండి. పైన చక్రం ఆగే చోట చిన్న గుంటలా ఉండి, ముందు రెండు మూడంగుళాల అడ్డు ఉండాలి. అడుగున రబ్బరు షీటు అతికించాలి. ఇనుము సిమెంటు మీద, మరీ ముఖ్యంగా టైల్స్ మీద, చక్రం ఎక్కకముందే ముందుకి జారిపోతుంది.

ర్యాంపు ఎక్కేటప్పుడు బయట ఒకళ్ళు నిలబడి చెబుతుండాలి. వాళ్ళు కారుకి ఎదురుగా కాదు, పక్కగా నిలబడాలి. పైకి వచ్చాక హ్యాండ్ బ్రేకు, గేరు, వెనక చక్రాలకి అడ్డుచెక్కలు. ముందు భాగం మాత్రమే లేస్తుంది కాబట్టి ఆయిల్ చాంబర్ వెనక్కి వాలుతుంది. డ్రెయిన్ బోల్టు చాంబర్‌కి వెనకవైపు ఉంటే ఆయిల్ పూర్తిగా దిగుతుంది, ఇంకా మంచిది. ముందువైపు ఉంటే కొంత మిగులుతుంది. ఆయిల్ మట్టం మాత్రం కారు నేల మీదకి దిగాకే చూడండి.

ఆయిల్ కోసమే అయితే ర్యాంపులు చాలు. బ్రేకులు, చక్రాలు కూడా విప్పాలనుకునేవాళ్ళకి చాలవు, అప్పుడు స్టాండ్లు కావాల్సిందే.

మిగతావి

కారుతో ఇచ్చే కత్తెర జాకీ పంక్చరు పడ్డప్పుడు చక్రం మార్చడానికి మాత్రమే. దానిమీద కారు ఉండగా కింద చెయ్యి కూడా పెట్టకండి. ఇళ్ళలో ట్రాక్టరు కోసం ఉండే బాటిల్ జాకీ ఈ కార్ల కింద ఎలాగూ పట్టదు, చెక్కలు వేసి పట్టించినా దాని అడుగు చిన్నది, ఒరిగిపోతుంది. ఇటుక బరువు మోస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా పిండి అయిపోతుంది, ముందు సూచన ఇవ్వదు. సిమెంటు దిమ్మలూ అంతే.

పిట్, అంటే కారు కింద నిలబడి పని చేసుకునే గొయ్యి, తవ్వించుకుందాం అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. మన దగ్గర వద్దండి. కాలువల్లో నీళ్ళున్న రోజుల్లో చాలా ఊళ్ళలో బావి నీళ్ళు చేతికి అందేంత పైకి వస్తాయి. ఆ రోజుల్లో పిట్ నీళ్ళకుంటే. నీరు రాకుండా కట్టించడానికి అయ్యే ఖర్చుకి మంచి లిఫ్టు వస్తుంది. పైగా పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పిట్ అడుగున చేరి ఉండిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

క్విక్‌జాక్ లాంటి చిన్న లిఫ్టులు ఉన్నాయి. రెండు పొడవాటి ఇనుప ఫ్రేములు కారుకి రెండువైపులా కింద తోసి, హైడ్రాలిక్ మోటారు ఆన్ చేస్తే కారంతా సమంగా లేస్తుంది. దించినప్పుడు ఫ్రేము ఎత్తు మూడంగుళాలే, స్పోర్ట్స్ కారు కిందకి బాగా పడుతుంది. పైకి లేచాక ఇనుప లాకు పడుతుంది కాబట్టి కరెంటు పోయినా కారు దిగదు. నాలుగు మూలలా జాకీ పాయింట్లే మోస్తాయి, నేల మీద బరువు ఫ్రేము పొడవునా పరుచుకుంటుంది. ఇన్ని మంచి గుణాలున్నాయి. దిగుమతి ఖర్చుతో కలిపి లక్ష దాటిపోతుంది. ఒక్క కారుకి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయిల్ కోసం అంత పెట్టమని నేను చెప్పను. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొనుక్కుని ఒక గట్టి షెడ్డులో పెట్టుకుంటే మాత్రం ఇంతకంటే మంచిది లేదు.

చివరిది, పక్క ఊళ్ళో రెండు స్తంభాల లిఫ్టు ఉన్న మెకానిక్ షెడ్డుకి వెళ్ళి, మీ ఆయిల్, మీ ఫిల్టర్ మీరే ఇచ్చి, దగ్గర నిలబడి చేయించుకోవడం. నేల సరిలేనివాళ్ళకి, తోడు మనిషి లేనివాళ్ళకి, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి ఇదే సరైన దారి. లిఫ్టు చేతులు జాకీ పాయింట్ల కిందే పడేలా మీరు వంగి చూసి చెప్పండి, రబ్బరు ముద్దలు వెంట తీసుకెళ్ళండి. వాటర్ సర్వీసింగ్ దగ్గరి సిమెంటు దిమ్మల ర్యాంపు వైపు మాత్రం పోవద్దు. అది జీపులకి, వ్యానులకి కట్టింది. ఎక్కే చోటే మీ బంపరు పోతుంది.

మీ కారు, మీ ఇల్లు

నాకు ఫోను చేసి అడిగేవాళ్ళకి నేను వేసే ప్రశ్నలు ఇవే. గేజీ గొట్టం ఉందా, ఫిల్టర్ పైన ఉందా? ఉంటే సక్షన్ పంపు. లేదు, కానీ చప్టా గట్టిగా, మట్టంగా ఉంది, బ్రేకు పని కూడా నేర్చుకోవాలని ఉంది అంటే రెండు తుమ్మ చెక్కలు, లో ప్రొఫైల్ జాకీ, పిన్ను స్టాండ్లు, కాళ్ళ కింద ఇనుప పలకలు. ఆయిల్ తప్ప ఇంకేమీ ముట్టను, స్టాండ్లంటే టెన్షన్ అంటే పొడుగు ర్యాంపులు. జెడ్4 ఉండి ఇంటిముందు పేవర్ ఇటుకలున్న ఒక మిత్రుడికి లిఫ్టు ఉన్న షెడ్డుకే వెళ్ళమన్నాను. ఆయనకి కాస్త నిరాశ కలిగింది. ఇల్లు మళ్ళీ కట్టించినప్పుడు ఒక మూల ఇనుము వేసి ఆరంగుళాల కాంక్రీటు పోయించుకుంటానన్నాడు. అది మంచి ఆలోచన. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళెవరైనా ఉంటే షెడ్డులో ఆ ఒక్క ముక్క వాటం లేకుండా పోయించుకోండి.

పని రోజున ఇంజను ఐదు పది నిమిషాలు తిప్పి ఆపి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. మరీ వేడి మీద విప్పితే చెయ్యి కాలుతుంది. కింద ప్లాస్టిక్ ట్రే ఉంటుంది, దాని స్క్రూలు ఒక డబ్బాలో లెక్కపెట్టి వేయండి, ఒక్కటి తక్కువైనా కాలువగట్టు గతుకుల్లో ట్రే వేలాడుతుంది. బోల్టుకి కొత్త వాషరు వేసి, టార్క్ రెంచితో (ఎంత బిగిస్తున్నామో కొలిచి చూపే రెంచి) మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి. మస్టాంగ్ వాళ్ళు మాత్రం ఐదు లీటర్ల టబ్బు పెట్టకండి. అందులోంచి ఏడున్నర లీటర్లు దాటి వస్తుంది, పొర్లిపోతుంది.

ఆ వచ్చిన పాత ఆయిల్‌ని పంటకాలువలో గానీ, ఇంటిముందు డ్రెయిన్‌లో గానీ పోయకండి. మన దగ్గర ఏ డ్రెయిన్ నీళ్ళు ఏ చేపల చెరువులోకి, ఏ రొయ్యల చెరువులోకి వెళతాయో చెప్పలేం. మూత గట్టిగా ఉన్న పాత డబ్బాల్లో పోసి మెకానిక్ షెడ్డులో ఇచ్చేయండి. వాడేసిన ఆయిల్ కొనుక్కుపోయేవాళ్ళు వాళ్ళ దగ్గరికి వస్తుంటారు. నేను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే పాతది నింపి, ఫిల్టర్ కవరులో చుట్టి, ఆ సాయంత్రమే బండి మీద పెట్టుకుని ఇచ్చి వస్తాను.